రావద్దని చెప్పింది నేనే

మా నాన్నగారు 2022 నవంబరులో ఒక తెల్లవారుజామున, ఫజ్ర్ అజాన్‌కు కొద్ది నిమిషాల ముందు కన్నుమూశారు. మార్కాపురంలో మా ఇల్లు పలకల గనులకు వెళ్లే దారిలో ఉంది. నాన్నగారు ముప్పై ఏళ్లకు పైగా ఆ రాతిపొరలను ఉలితో చీల్చి, కోసి, నునుపు చేసి బతికారు. దేశంలో ఏ మూల బడిపిల్లవాడు పలక మీద అక్షరం దిద్దినా అది మార్కాపురం రాయే అయి ఉంటుందని గర్వంగా చెప్పేవారు. ఆ రాతి దుమ్ము ఆయన ఊపిరితిత్తుల్లోనే పొరలుపొరలుగా పేరుకుంది. చివరి రెండేళ్లు పడుకుంటే ఊపిరాడేది కాదు. గోడకు చేరగిలబడి, కూర్చునే నిద్రపోయేవారు.

మేము దుబాయిలో ఉన్న తమ్ముడికి ఫోను చేసేసరికి అక్కడ మూడున్నర దాటింది. వాడు డ్యూటీకి లేచే వేళే అది. సోనాపూర్‌లోని కార్మికుల క్యాంపు నుంచి బస్సు అయిదుకల్లా బయలుదేరుతుంది. కబురు విని వాడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత ఒకే ఒక ప్రశ్న అడిగాడు: "ఆపా, నేను వచ్చేదాకా ఆపగలరా?"

నేను వద్దన్నాను. అప్పుడు నేనన్న మాటలు నాకిప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. "నువ్వొచ్చి చేసేదేముంది? జొహర్ తరువాత జనాజా. అక్కడే దుఆ చెయ్యి" అన్నాను.

నా లెక్కలు నాకున్నాయి. వాడు వెళ్లి ఏడు నెలలే అయింది. వీసా కోసం లక్షా ఇరవై వేలు అప్పు తెచ్చాం, నూటికి మూడు రూపాయల వడ్డీకి. విదేశీ ఉద్యోగానికి పంపే గుర్తింపు పొందిన ఏజెంటు తన సేవకు ముప్పై వేల రూపాయలు, దానిపై జి.ఎస్.టి. మించి తీసుకోకూడదని చట్టం చెబుతుందన్న సంగతి మాకు అప్పుడు తెలియదు. మధ్యలో వస్తే టిక్కెట్టు డబ్బు జీతంలో కోస్తారు, తిరిగి పంపుతారో లేదో చెప్పలేము. పైగా మయ్యిత్‌ను ఎక్కువసేపు ఉంచకూడదు. హైదరాబాదులో విమానం దిగినా అక్కడి నుంచి మా ఊరికి రోడ్డు మీద మరో ఆరేడు గంటలు. ఇన్ని లెక్కలూ సరైనవే. కానీ వాడు నన్ను లెక్క అడగలేదు.

మా పినతండ్రి కొడుకు ఫోను ఎత్తి పట్టుకుని జనాజా నమాజును వీడియోలో చూపించాడు. ఖబరస్తాన్‌లో సిగ్నల్ సరిగా ఉండదు. నాన్నగారిని ఖబరులోకి దించే సమయానికి తెర మీద బొమ్మ ఆగిపోయింది. అక్కడ తమ్ముడు ఆ ఆగిన బొమ్మను ఎంతసేపు చూశాడో మాకు తెలియదు. మరునాడు పనికి వెళ్లాడు.

*

ఇక్కడ మాకు దుఃఖించడానికి వ్యవధి దొరికింది. మూడు రోజులు మా పొయ్యి వెలగలేదు, బంధువులూ ఇరుగుపొరుగులూ అన్నం తెచ్చారు. ఎదురింటి రెడ్డిగారి భార్య పాలు, చక్కెర తెచ్చి అమ్మీ చేయి పట్టుకుని గంటసేపు కూర్చుంది. అమ్మీ నాలుగు నెలల పది రోజులు ఇద్దత్‌లో ఉంది. ఈ గడువుల వెనుక ఉన్న కరుణ నాకు ఆ రోజుల్లోనే అర్థమైంది. భర్తను పోగొట్టుకున్న స్త్రీని లే, పనిచూసుకో అని ఎవరూ తరమరు. ఆమె దుఃఖానికి షరీఅత్ కాలం కేటాయించింది.

హదీసు గ్రంథాల్లో హజ్రత్ ఆయిషా (రజి) గారి గురించి ఒక సంగతి ఉంది. వారి ఇంట ఎవరైనా మరణిస్తే స్త్రీలు గుమిగూడి, తరువాత ఎవరిళ్లకు వారు వెళ్లిపోయి, ఇంటివారూ ఆప్తులూ మాత్రమే మిగిలినప్పుడు, ఆమె బార్లీ పిండితో తల్బీనా అనే జావ కాయించేవారు. అది రోగి గుండెకు ఊరటనిస్తుందని, దుఃఖాన్ని కొంత తగ్గిస్తుందని ఆమె దైవప్రవక్త (స) నోట విన్నారు. నేను ఈ హదీసును మదరసాలో చిన్నప్పుడే చదివాను. జావ గొప్పతనం గురించిన మాటగానే అర్థం చేసుకున్నాను. జనం వెళ్లిపోయిన తరువాతి గంట గురించి కూడా అందులో ఉందని ఇప్పుడు తోస్తోంది. ఆ గంటలో ఎవరో ఒకరు పొయ్యి ముందు నిలబడి, ఏదో ఒకటి కాచి, చేతికి అందించాలి.

సోనాపూర్‌లోని ఆ గదిలో నా తమ్ముడికి జావ కాచి ఇచ్చినవారు లేరు. అసలు వాడి తండ్రి పోయాడని గదిలో ఇద్దరికి తప్ప తెలియదు.

*

తరువాతి ఏడు నెలలు వాడు బాగానే ఉన్నాడని మేము నమ్మాం. నమ్మడానికి ఆధారాలున్నాయి. ప్రతి నెలా మొదటివారంలో డబ్బు వచ్చేది, ఒక్కరోజు కూడా ఆలస్యం కాలేదు. ఎప్పుడడిగినా "బాగున్నాను, అల్‌హమ్దులిల్లాహ్" అనేవాడు. అక్కడ వాట్సాప్‌లో మాట్లాడుకునే వీలు లేదు, మాటలు పంపుకోవచ్చు. బోటిమ్‌లో మాట్లాడవచ్చుగానీ వాడు రానురాను అది మానేసి వాయిస్ మెసేజ్‌లే పంపసాగాడు. ఎదురుగా మాట్లాడితే గొంతు తడబడటం, మధ్యలో ఆగిపోవడం తెలిసిపోతాయి. మెసేజ్‌లో అయితే నచ్చకపోతే చెరిపేసి మళ్లీ చెప్పవచ్చు. పన్నెండు సెకన్ల ఒక్క సలాముకు వాడు ఎన్నిసార్లు గొంతు సవరించుకునేవాడో తరువాత తెలిసింది.

మేము మాత్రం ఏమడిగాం? తిన్నావా, జీతం పడిందా, ఎప్పుడు పంపుతావు. ఈ మూడే. వాడూ మమ్మల్ని మూడే అడిగేవాడు: అమ్మీ ఎలా ఉంది, వడ్డీ కట్టారా, వాన పడిందా. పశ్చిమ ప్రకాశంలో వాన సంగతి అడగని ఫోను ఉండదు. గిద్దలూరు, కంభం, రాచర్ల, యర్రగొండపాలెం, ఎటు చూసినా వెలిగొండ నీళ్ల కోసం ఎదురుచూసే ఊళ్లే. 1996లో ఆ ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగినప్పుడు నేను పలక పట్టుకుని బడికి వెళ్లే పిల్లను. ఇప్పుడు నా పిల్లలకు నోటుపుస్తకాలు కొంటున్నాను. పలకలు కొనేవారు తగ్గిపోయారు, బోర్లు ఎండిపోయాయి. కుర్రవాళ్లు కొందరు గుంటూరు మిరప కోతలకు, కొందరు హైదరాబాదు, బెంగుళూరు కట్టడాలకు, కాస్త అప్పు పుట్టినవారు గల్ఫుకు వెళ్లారు. అప్పు చేసి వెళ్లినవాడు కష్టం చెప్పుకుంటే పెట్టుబడి మునిగినట్టే వినిపిస్తుంది ఇంట్లోవారికి. అందుకే వాడు చెప్పడు.

2023 జూన్‌లో ఒక రాత్రి తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. తమ్ముడి గదిలోనే ఉండే గిద్దలూరు అబ్బాయి. "అక్కా, మీకు చెప్పొద్దన్నాడు గానీ చెప్పకుండా ఉండలేకపోతున్నాను" అని మొదలుపెట్టాడు. వాడు రాత్రిళ్లు పడుకోవడం లేదని, మెట్ల మీద కూర్చుంటాడని, అన్నం ముందు పెట్టుకుని లేచిపోతాడని చెప్పాడు. నెలలో మూడుసార్లు గుండె పట్టేసినట్టయి, చేతులు వణికి, చెమటలు పోసి, చచ్చిపోతున్నానని అరిచాడట. క్లినిక్‌కు తీసుకువెళితే ఈసీజీ తీసి గుండె బాగానే ఉందన్నారట. గ్యాస్ మాత్ర ఇచ్చి పంపారు.

ఆ అబ్బాయి తన ఖర్చుతో, నిద్ర మానుకుని చేసిన ఆ ఒక్క ఫోను లేకపోతే ఏమయ్యేదో నేను ఆలోచించను.

*

అమ్మీకి చెప్పగానే ఎవరో చేతబడి చేయించారంది. మరునాడే ఒక ఆమిల్ దగ్గరకు వెళ్లాం. ఆయన ఊరు, పేరు ఇక్కడ అనవసరం. ఫొటో చూసి, తల్లి పేరు అడిగి, సముద్రం అవతల ఉన్నవాడికి ఇక్కడి నుంచే విరుగుడు చేస్తానన్నాడు. ఆరు వేలు అడిగాడు, ఇచ్చాం. నేను డిగ్రీ చదివి బడిలో పాఠాలు చెప్పేదాన్ని, అయినా ఇచ్చాను. భయపడినవారికి చదువు గుర్తురాదు.

ఖుర్ఆన్ పారాయణతో, దుఆలతో స్వస్థత కోరుకోవడం వేరు, అది మన ఇళ్లలో ఎప్పుడూ ఉన్నదే. దానికి ధర కట్టి, పరాయివారి మీద అనుమానం నాటి పంపడం వేరు. వారం తిరిగేసరికి అమ్మీ మా మేనత్తతో మాట్లాడటం మానేసింది. మాకు ఆ వైద్యం వల్ల కలిగిన ఫలితం అదొక్కటే.

మా మసీదు ఇమాము సాహెబు ఈ సంగతి విని అమ్మీని పిలిపించి మాట్లాడారు. ఒంటెను కట్టి ఆ తరువాత అల్లాహ్ మీద భారం వేయమన్న హదీసును గుర్తుచేశారు. అమ్మీ అడిగింది: "నమాజు చదివే బిడ్డకు మనసు జబ్బు ఎందుకొస్తుంది హజ్రత్?" ఆయన యాఖూబ్ (అలైహిస్సలాం) వృత్తాంతం చెప్పారు. యూసుఫ్ కోసం దుఃఖించి దుఃఖించి ఆ ప్రవక్తకు చూపు పోయింది. ఇంకా ఎన్నాళ్లు ఆ కొడుకునే తలుచుకుంటావని సొంత కొడుకులే విసుక్కున్నారు. ఆయన ఈమాన్‌లో లోపం ఉందని అనగలమా? అమ్మీ ఇంకేమీ అడగలేదు.

మనసుకు జబ్బు చేస్తుందని, దానికి వేరే వైద్యం కావాలని మనవారికి ఇంగ్లీషు చదువులతో తెలిసిన సంగతి కాదు. పదవ శతాబ్దం తొలినాళ్లలోనే అబూ జైద్ అల్ బల్ఖీ అనే విద్వాంసుడు శరీర ఆరోగ్యానికి, మనోరోగ్యానికి కలిపి ఒక గ్రంథం రాశాడు. 934లో మరణించాడాయన. కోపం, భయం, దుఃఖం, వదలని పిచ్చి ఆలోచనలు, వీటిని విడివిడిగా తీసుకుని చర్చించాడు. కారణం తెలిసిన దుఃఖం ఒక రకం, కారణమే తెలియకుండా కమ్ముకునేది మరో రకం అన్నాడు. ఆరోగ్యంగా ఉన్నవాడు ఆపదకు పనికివస్తాయని ఇంట్లో మందులు దాచుకున్నట్టే, మనసు కుదుటగా ఉన్నప్పుడే ధైర్యమిచ్చే ఆలోచనలు కూడబెట్టుకోవాలన్నది ఆయన సలహా. విమానం ఎక్కే మన పిల్లలకు మనం పచ్చళ్లు కట్టి ఇస్తాం, పొడులు కట్టి ఇస్తాం. ఆయన చెప్పిన మూట కట్టి ఇచ్చిన ఇల్లు నేను చూడలేదు.

*

మా వైద్యశాల గోడ మీద 14416 అనే నంబరును రోజూ చూస్తూనే బడికి వెళ్లేదాన్ని. అది టెలి మానస్. 2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినోత్సవం నాడు, కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన సేవ. పగలూ రాత్రీ పనిచేస్తుంది, పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. అది జబ్బుపడినవారి కోసమే అనుకున్నాను. ఇంటివారు కూడా అడగవచ్చని ఆ రాత్రి తెలిసింది.

అవతల ఒక స్త్రీ గొంతు. నేను ఆమిల్ సంగతితో మొదలుపెట్టాను. ఆమె దాని జోలికి పోకుండా, తమ్ముడు చివరిసారి కంటినిండా పడుకున్నది ఎప్పుడు, ఎంత తింటున్నాడు, తోడు ఎవరున్నారు అని అడిగింది. తరువాత, బతకాలని లేదని ఎప్పుడైనా అన్నాడా అంది. నేను ఉలిక్కిపడి, అలాంటి మాట వాడితో ఎత్తితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందేమో అన్నాను. పుట్టదు అంది ఆమె. అడిగితే మనిషికి చెప్పుకునే దారి దొరుకుతుందని, చుట్టుతిప్పకుండా, కోప్పడకుండా అడగమని, వాడు చెప్పేది పూర్తయ్యేదాకా సలహా ఇవ్వవద్దని చెప్పింది. ఆ మూడో సూచనే నాకు అన్నిటికంటే కష్టమైంది. ఇంట్లో పెద్దపిల్లను, పైగా టీచరును. సలహా ఇవ్వకుండా ఎవరితోనూ మాట్లాడిన అలవాటు లేదు.

శుక్రవారం వాడి సెలవు. ఆ గిద్దలూరు అబ్బాయే ఫోను కలిపి, వాడి చేతికిచ్చి, గది బయటకు వెళ్లాడు. నేను అడిగాను. చాలాసేపు ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. తరువాత వాడు ఏడ్చాడు. నాన్నగారు పోయినప్పుడు కూడా వాడి ఏడుపు నేను వినలేదు.

చనిపోవాలని కాదు ఆపా అన్నాడు. పొద్దున్నే లేవకపోతే బాగుండు అనిపిస్తుందన్నాడు. కళ్లు మూస్తే ఆ ఆగిపోయిన బొమ్మే కనిపిస్తుందట. తెల్ల గుడ్డ సగం దిగి, అక్కడే నిలిచిపోయిన బొమ్మ. ఆపైన అన్నాడు: "నేనొచ్చి చేసేదేముంది అన్నావు కదా. నిజమే అనుకున్నాను. నేను డబ్బు పంపడానికి తప్ప దేనికీ పనికిరాననుకున్నాను."

నేను సంజాయిషీ మొదలుపెట్టబోయాను. వడ్డీ, టిక్కెట్టు, సిగ్నలు, మయ్యిత్‌ను ఉంచకూడదన్న మాట, అన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి. ఆపుకున్నాను. "తప్పు చేశాను. నన్ను మన్నించు" అన్నాను. అంతకంటే చెప్పడానికి నా దగ్గర లేదు.

*

దుబాయిలో మనవారి కోసం ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉంది. 2010లో భారత కార్మికుల వనరుల కేంద్రంగా మొదలైనది అదే. 800 46342 నంబరుకు ఆ దేశంలో ఎక్కడినుంచైనా ఉచితంగా, ఏ వేళకైనా ఫోను చేయవచ్చు. జీతం ఎగవేత, పాస్‌పోర్టు చిక్కులకే అది అనుకుంటారుగానీ మనసు బాగోలేకపోయినా సలహాదారుతో మాట్లాడిస్తారు. తమ్ముడు మొదట ఒప్పుకోలేదు. "నేను పిచ్చివాడినా? కంపెనీకి తెలిస్తే?" అన్నాడు. పది రోజులు పట్టింది. గిద్దలూరు అబ్బాయి పక్కన కూర్చుంటే అప్పుడు చేశాడు.

గుండె పట్టేయడం జబ్బు కాదని కొట్టిపారేయలేదట వారు. భయం ఒక్కసారిగా ఒంటిని ముంచెత్తితే అలాగే ఉంటుందని, అది పది ఇరవై నిమిషాల్లో తగ్గుముఖం పడుతుందని, ఆ సమయంలో ఊపిరి ఎలా తీసి వదలాలో నేర్పారట. మరో మాట అడిగారట: మీ నాన్నగారి గురించి మీ గదిలో ఎవరికైనా చెప్పారా అని.

ఆ వచ్చే శుక్రవారం వాడు నాన్నగారి పేరిట సదఖాగా గదిలో అందరికీ వంట చేశాడు. దాల్చా, అన్నం. ఎనిమిది మంది. గిద్దలూరు అబ్బాయి, ఇద్దరు కడపవారు, ఒక నిజామాబాదు పెద్దాయన, మిగిలినవారు బంగ్లాదేశీయులు. తింటూ వాళ్లు అడిగారట, మీ నాన్న ఏం పని చేసేవారు అని. పలక ఎలా చీలుస్తారో వాడు చేతులతో చూపించాడట. నిజామాబాదు పెద్దాయన తాను కూడా తల్లి మట్టికి వెళ్లలేకపోయానని, అది జరిగి తొమ్మిదేళ్లయిందని, ఇంతవరకు ఎవరికీ చెప్పలేదని అన్నాడట. ఆ రాత్రి తమ్ముడు అయిదు గంటలు పడుకున్నాడు.

దానితో అంతా కుదుటపడిందని చెప్పను. తరువాత కూడా రెండుసార్లు గుండె పట్టేసింది. 2024 ఏప్రిల్‌లో రెండేళ్ల ఒప్పందం ముగించుకుని వచ్చాడు. రాగానే ఇంటికి రాకుండా ఖబరస్తాన్‌కు వెళ్లాడు. పొదిలి మీదుగా ఒంగోలుకు తీసుకువెళ్లి మానసిక వైద్యునికి చూపించాం. మా ప్రాంతంలో ఆ వైద్యం కావాలంటే అంత దూరం పోవాల్సిందే, పోయి వచ్చేసరికి ఒకరోజు కూలి పోతుంది. నెలలపాటు మాత్రలు వాడాడు. బాగుందనిపించగానే తనంతట తాను మానేయబోతే, మెల్లగా తగ్గించాలిగానీ ఒక్కసారిగా మానకూడదని డాక్టరు మందలించారు. బజారులో ఎవరైనా అడిగితే అమ్మీ గ్యాస్ మందు అని చెప్పేది. నేను వారించలేదు. ఆమె అంతదూరం నడిచి రావడమే నాకు ఎక్కువ.

మా వీధి నుంచి కువైట్‌లో ఇంటిపనికి వెళ్లిన ఒకామె గురించి ఈ మధ్య తరచు ఆలోచిస్తున్నాను. అలాంటి దేశాల్లో ఇంటిపనికి ముప్పై ఏళ్లు నిండని స్త్రీలను పంపకూడదని మన ప్రభుత్వ నిబంధన. ఈమెకు నలభై. మగవాడికి గదిలో ఎనిమిది మంది ఉంటారు, ఎవరో ఒకరు కనిపెట్టి ఫోను చేస్తారు. నాలుగు గోడల మధ్య, తన భాష రాని ఇంట్లో ఒక్కతే ఉన్న స్త్రీ మెట్ల మీద కూర్చుంటే చూసేదెవరు? ఆమె కూతురు నా దగ్గరే ఎనిమిదో తరగతి చదువుతోంది. తల్లితో ఏం మాట్లాడతావని అడిగితే మార్కులు చెబుతానంది. అమ్మ నిద్రపోతోందో లేదో కూడా అడగమన్నాను.

*

2025లో తమ్ముడు మళ్లీ వెళ్లాడు. వద్దని నేను అనలేదు, వెళ్లమనీ అనలేదు. అప్పు తీరింది, కానీ ఇక్కడ వాడికి పని లేదు. ఈసారి ఈ-మైగ్రేట్‌లో ఏజెంటు పేరు చూసుకున్నాం. మందుల విషయంలో మాత్రం జాగ్రత్త పడ్డాం. మనసుకు వాడే మాత్రల్లో కొన్ని అక్కడ నియంత్రణలో ఉంటాయి. వాటిని వెంట తీసుకువెళ్లాలంటే డాక్టరు చీటీతోపాటు ఆ దేశ ప్రభుత్వ అనుమతి ముందుగానే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. తెలియక పచ్చడి సీసాల మధ్య పెట్టుకుని వెళ్లి విమానాశ్రయంలో చిక్కుకుంటారు కొందరు.

వెళ్లేముందు రోజు రాత్రి మేమిద్దరం వాకిట్లో కూర్చుని ఒక ఒప్పందం చేసుకున్నాం. ఇంట్లో ఎవరికి ఏం జరిగినా, రావాలో వద్దో వాడే నిర్ణయించుకుంటాడు. ఖర్చు సంగతి తరువాత. "బాగున్నాను" అన్న మాట శుక్రవారం ఫోనులో వాడకూడదు. వాయిస్ మెసేజ్ కాదు, ఫోనే చేయాలి.

మొదటి రెండు వారాలు వాడు ఆ మాట లేకుండా మాట్లాడటానికి తంటాలు పడ్డాడు. ఇద్దరం నవ్వుకున్నాం. మూడో శుక్రవారం నేను రొట్టెలు చేస్తుండగా ఫోను వచ్చింది.

"ఈ వారం నిద్ర సరిగా లేదు ఆపా" అన్నాడు.

నేను పొయ్యి ఆర్పి, చేతులు తుడుచుకుని, కుర్చీ లాక్కున్నాను. "చెప్పు" అన్నాను.